కంటికి కనబడని పొగ



మార్గశిర పుష్యమాసములలో తెల్లవారుజామున మా బొల్లాపల్లికి వచ్చి చూచినవారికి మొదట కనబడునది కొండ కాదు, గుడి కాదు, పొగ. పడమట నల్లమల కొండల వరుస యుండును. రాత్రి చలికి బరువెక్కిన గాలి నేలనంటి యుండును. ఇంటింటి పెరటిలో రాజేసిన నీళ్లపొయ్యి పొగ పైకి పోలేక, ఇండ్ల కప్పులమీద దుప్పటి పరచినట్లు నిలిచిపోవును. ఏ యింటివారు లేచిరో, ఏ యింటివారింకను లేవలేదో మా అత్తగారు వాకిట నిలుచుండి ఆ పొగనుబట్టి చెప్పగలరు. మా యింట గ్యాసుపొయ్యి యున్నమాట నిజమే. కాని స్నానములకు నీళ్లు కట్టెలమీదనే కాగవలెను, పాలు దాలిలోనే ఎర్రగా కాగవలెను, జొన్నరొట్టె కట్టెలపొయ్యిమీదనే పొంగవలెను. ఈ మూడు విషయములలోను ఆమెతో వాదించి గెలిచినవారు లేరు.

మొన్నటి సంక్రాంతికి మా వదినగారు, అనగా మావారి అక్కగారు, పుట్టింటికి వచ్చిరి. ఆమె అత్తవారిది నిడదవోలు ప్రాంతము. భోగినాటి ఉదయము తల్లి వంటింటిలో పొగలో కూర్చుండి కన్నులు తుడుచుకొనుట చూచి ఆమెకు కష్టము తోచినది.

"అమ్మా, ఇంకా ఈ పొగ మింగుతూనే ఉన్నావా? మా ఊరి దగ్గర విజ్జేశ్వరంలో గ్యాసు మండించి ఊళ్లకు ఊళ్లకే సరిపోయేంత కరెంటు తీశారు. ఆరేసిన బట్టమీద ఇంత మసి పడగా నేను చూడలేదు," అనిరి.

మా అత్తగారు ఊదుగొట్టము ప్రక్కన పెట్టి, "నిప్పు తిన్నది ఎక్కడికి పోతుందే అమ్మాయ్? కట్టెను తింటే బూడిద వదిలింది, పొగ వదిలింది. నీ గ్యాసును తిన్న నిప్పు ఏమీ వదల్లేదంటే నేను నమ్మను. కనబడకపోతే కనబడకపోవచ్చు," అని మరల పొయ్యి ఊదసాగిరి.

ఆ మాట అంతటితో నవ్వులలో కలసిపోయెడిదే. కాని ఆ రాత్రి పండుగ పనులు ముగిసిన పిమ్మట వదినగారు నన్ను ప్రక్కకు పిలిచి వేరొక సంగతి చెప్పిరి. ఆమె కుమారుడు పొరుగు రాష్ట్రమున ఒక పట్టణములో కాపురముండెను. వారి మేడ ప్రక్కనే ఒక కర్మాగారమువారు తమ యవసరమునకై చిన్న గ్యాసు విద్యుత్కేంద్రము పెట్టుకొనిరట. దాని పొగగొట్టము పడకగది కిటికీలోనుండి కనబడునట. ఐదేండ్ల మనుమనికి చలికాలము వచ్చినదనగా ఆయాసము. "గ్యాసు శుభ్రమైనది కదా, దానివల్ల ఏముంటుందిలే అనుకున్నాను. అమ్మ పొద్దున అన్న మాట విన్నప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. నీవు పత్రికలకు రాస్తావు గదా, కాస్త కనుక్కొని చెప్పమ్మా," అనిరి. ఈ నెల నేను వ్రాయుచున్నది ఆమెకు చెప్పిన సమాధానమే.

ముందుగా విజ్జేశ్వరము మాట. గోదావరిపై 1852 నాటికి కాటన్ దొర కట్టించిన ఆనకట్టకు పడమటి కొసన నున్న గ్రామమది. గోదావరి సీమలో భూగర్భమున సహజవాయువు బయల్పడిన పిమ్మట, 1988లో నాటి రాష్ట్ర విద్యుత్ మండలియు, కొన్ని పరిశ్రమలవారును కలసి ఆంధ్రప్రదేశ్ గ్యాస్ పవర్ కార్పొరేషన్ అను సంస్థను స్థాపించి అచట విద్యుత్కేంద్రము కట్టిరి. మొదటి దశ 100 మెగావాట్లు. 1997లో వచ్చిన రెండవ దశ 172 మెగావాట్లు. పెట్టుబడిలో ఎవరి వంతు ఎంతయో వారికి కరెంటులో వంతు అంత. ఇబ్రహీంపట్నములోని బొగ్గు కేంద్రముతో పోల్చినచో ఇది చిన్నది. పురపాలక సంఘములు తమకు తామే కరెంటు తీసికొనుట మన దేశమున అరుదు. ఆ పోలికకు దగ్గరగా మా పల్నాడు జిల్లాలో నున్నది కొండవీటి చెంత 2022లో ప్రారంభమైన కేంద్రమే. అదియు గ్యాసుతో గాక గుంటూరు మొదలగు పట్టణముల చెత్తను కాల్చి నడచునది. చెత్తను కాల్చుటలోని చిక్కులు వేరు. వానినిచట ముట్టను.

ఇక గ్యాసు కేంద్రము పని చేయు విధము. గాలిని గట్టిగా అదిమి, అందులోనికి వాయువును చిమ్మి మండింతురు. ఆ మంటనుండి దూసికొనివచ్చు వేడిగాలి ఒక చక్రమును త్రిప్పును. చక్రము కరెంటు పుట్టించు యంత్రమును త్రిప్పును. ఇంత పని చేసిన తరువాత గూడ ఆ వేడిగాలి అయిదువందల డిగ్రీలకు తక్కువ కాదు. దానిని అట్లే ఆకాశమునకు వదలివేసినచో వాయువులోని శక్తి నూటికి ముప్పది అయిదు పాళ్లు మాత్రము మనకు దక్కును. దానితో నీరు కాచి, ఆ యావిరితో రెండవ చక్రమును త్రిప్పినచో సగముకంటె ఎక్కువ దక్కును. అన్నము దించిన పొయ్యిలో మిగిలిన నిప్పులమీద పప్పు ఉడికించుకొను ఇల్లాలి పొదుపే యిది. విజ్జేశ్వరములో ఈ రెండవ చక్రము కలదు. చిన్న కేంద్రములు కట్టువారు ఖర్చునకు వెరచి తరచుగా దీనిని మానివేయుదురు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

మా అత్తగారి ప్రశ్న: నిప్పు తిన్నది ఎక్కడికి పోయినది?

సహజవాయువులో ముఖ్యమైనది మీథేను. అది కర్బనము, ఉదజని కలసిన పదార్థము. మండునపుడు ఈ రెండును గాలిలోని ఆమ్లజనితో కూడును. కర్బనము బొగ్గుపులుసు వాయువగును. ఉదజని నీటియావిరి యగును. ఒక కిలో మీథేను మండినచో రెండుముప్పావు కిలోల బొగ్గుపులుసు వాయువును, రెండుంబావు కిలోల నీరును వచ్చును. కిలో వేసినచో ఐదు కిలోలు వచ్చుట యేమి చోద్యమని యడుగుదురేమో. తక్కిన నాలుగు కిలోలు గాలినుండి లాగుకొన్న ఆమ్లజని తూకము. మన యింటికి వచ్చు బుడ్డి గ్యాసు వేరు వాయువైనను లెక్క ఇట్టిదే: 14.2 కిలోల బుడ్డి ఒకటి యైపోవునప్పటికి ఇంచుమించు 42 కిలోల బొగ్గుపులుసు వాయువు మన వంటింటి కిటికీగుండ వెడలిపోయి యుండును. బుడ్డి తేలికయగుటయే మనకు తెలియును. ఆకాశము బరువెక్కుట తెలియదు.

విద్యుత్కేంద్రములో, రెండు చక్రములు తిరుగుచో, ఒక యూనిట్ కరెంటునకు సుమారు 400 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వచ్చును. ఒక చక్రమే యైనచో 600 గ్రాముల దరిదాపు. బొగ్గుతోనైనచో 900 మొదలు 1000 గ్రాములు. నెలకు 150 యూనిట్లు వాడు గృహమునకు బొగ్గు కరెంటువలన 140 కిలోలు, మంచి గ్యాసు కరెంటువలన 60 కిలోలు అని చెప్పుకొనవచ్చును. బూడిద లేదు, గంధకపు పొగ లేదనదగినంత స్వల్పము, బొగ్గు కేంద్రముల ప్రక్కనుండు బూడిద చెరువులు లేవు. ఈ మేలును కాదనుట న్యాయము కాదు. ఐనను విజ్జేశ్వరమువంటి 272 మెగావాట్ల కేంద్రము పూర్తిగా నడచినచో గంటకు నూరు టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు పైకి పోవును. మసి పడకపోవుట వేరు, ఏమియు పోకపోవుట వేరు.

బొగ్గుపులుసు వాయువు లోకమునకు వేడి పెంచునుగాని, ప్రక్కింటి పసివానికి ఆయాసము తెప్పించునది అది కాదు. వదినగారి భయమునకు సంబంధించినది వేరొకటి కలదు. అది గ్యాసులోనుండి వచ్చునది గాదు, గాలిలోనుండియే వచ్చునది. మనము పీల్చు గాలిలో నూటికి డెబ్బది యెనిమిది పాళ్లు నత్రజని. మామూలుగా అది యెవరి జోలికిని పోదు. కాని మంట పదునైదువందల డిగ్రీలు మించినచో ఆ నత్రజని సైతము కరగి ఆమ్లజనితో కూడి నత్రజని ఆక్సైడులను విషవాయువులగును. మంట ఎంత చక్కగా, ఎంత తీవ్రముగా మండిన ఇవి అంత హెచ్చు. చెడ్డ మంటకు మసి దోషమైనట్లు, మంచి మంటకు ఇది దోషము. ఇవి ఊపిరితిత్తుల సన్నని గొట్టములను ఒరయును. ఉబ్బసమువారికి, పసివారికి బాధ యెక్కువ. ఎండ తగిలినపుడు గాలిలోని యితర వాయువులతో కలసి ఓజోను అను మరియొక వాయువును పుట్టించును. అది పైరుల ఆకులకును కీడే.

ఇచ్చట ఒక వింత. గ్యాసు కేంద్రపు గొట్టమునుండి చలికాలపు ఉదయమున తెల్లగా పొంగి పొర్లివచ్చునది చూచి జనులు జడిసెదరు. అది చాలవరకు నీటియావిరి. ఇడ్లీపాత్ర మూత తీసినపుడు వచ్చునదే. హాని చేయునది అందులోనే యున్నను కంటికి కనబడదు. మిక్కుటముగా నున్నపుడు మాత్రము గొట్టము కొసన లేత పసుపుగోధుమ చాయ పొడకట్టును. కనుక తెలుపు చూచి భయపడుటయు, ఏమియు కనబడలేదని నిశ్చింతగా నుండుటయు రెండును పొరపాట్లే. దీనిని కంటితో గాక అంకెతో చూడవలెను.

ఆ యంకె యెట్లుండునో చెప్పెదను. మన దేశపు నిబంధనలు గ్యాసు టర్బైనులనుండి రాదగిన నత్రజని ఆక్సైడులకు ఒక హద్దు పెట్టినవి. 1999 జూను తరువాత వచ్చిన కేంద్రములకు, 400 మెగావాట్లు, అంతకు పైబడినవైనచో, సహజవాయువు మండించునపుడు పది లక్షల పాళ్లలో 50 పాళ్లు. 100 మొదలు 400 మెగావాట్లలోపు వానికి 75 పాళ్లు. 100 మెగావాట్లకు లోబడిన వానికి 100 పాళ్లు. పది లక్షలలో నూరనగా ఎంత? సన్నబియ్యము పదునైదు కిలోలలో సుమారు పది లక్షల గింజలుండును. అందులో నూరు రాతిబెడ్డలు. కొలతకు చిన్నదే, కాని అన్నము తిన్నవారికి తెలియును.

చదువరులు ఆ మూడంకెలను మరల చూడవలెనని నా ప్రార్థన. కేంద్రము చిన్నదగుకొలది అనుమతి పెద్దదగుచున్నది. చిన్నదానికి ఖరీదైన సామగ్రి పెట్టుట భారమను ఆలోచనతో నిబంధన అట్లు చేసిరి కాబోలు. మొత్తముమీద చిన్న కేంద్రమునుండి వచ్చునది తక్కువే, అది నిజము. కాని పెద్ద కేంద్రము ఊరికి దూరముగా, ఎత్తైన గొట్టముతో నుండును. చిన్నది ఊరి నడుమ, మేడల ప్రక్కన నుండును. గొట్టమునకు కనీసము 30 మీటర్ల ఎత్తుండవలెనని నియమము. పది అంతస్తుల మేడ ఎత్తు అంతే. గొట్టము కొస, మూడవ ప్రక్క పడకగది కిటికీ ఒకే మట్టముననున్నపుడు మొత్తమెంతయను లెక్క తల్లికి ఊరట నీయదు.

ఈ వాయువును తగ్గించు మార్గములు లేకపోలేదు. మంటలోనికి నీరో ఆవిరో చిమ్మి వేడి తగ్గింపవచ్చును. గాలిని గ్యాసును ముందే బాగుగా కలిపి పలుచని మంటగా మండింపవచ్చును. ఇంకను కావలెనన్నచో పోవు గాలిలోనికి అమ్మోనియా చిమ్మి, ప్రత్యేకమైన పలకలమీదుగా పంపి, విషమును తిరిగి మామూలు నత్రజనిగా మార్చవచ్చును. అన్నియు ఖర్చుతో కూడినవే. పైగా ఈ యంత్రములు రాజుకొనునపుడును, సగము బలముతో నడచునపుడును పొగ చెడుగా వచ్చును. పొయ్యి అంటించిన మొదటి పది నిమిషములు ఎట్లుండునో మీకు నేను చెప్పనేల? పగలు సూర్యశక్తి కరెంటు హెచ్చినకొలది గ్యాసు యంత్రములను సాయంకాలము రాజేసి రాత్రి ఆర్పుట యధికమగును.

వదినగారి కుమారుడు తెలివిగలవాడు. సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుము కట్టి, తన యింటి ప్రక్క కేంద్రపు పొగ కొలతల పత్రము కోరెను. రెండు నెలలకు వచ్చినది. అందులో నత్రజని ఆక్సైడులు ఘనపు మీటరునకు 180 మిల్లీగ్రాములు అని యున్నది. నిబంధన పాళ్లలో, పత్రము మిల్లీగ్రాములలో! ఒక పాలు సుమారు రెండు మిల్లీగ్రాములకు సమానము గనుక 90 పాళ్లన్నమాట. హద్దు నూరు. అందరును ఊపిరి పీల్చుకొనిరి.

నేను ఆ పత్రము ప్రతిని తెప్పించుకొని చూడగా ఒక గడి ఖాళీగా కనబడినది. ఆమ్లజని ఎంతయను గడి అది. పాలవాడు పాలలో నీరు కలిపినట్లు, పోవు గాలిలో వట్టి గాలి కలిసినకొలది విషపు పాళ్లు తక్కువగా కనబడును. మజ్జిగ పలుచనైనంత మాత్రమున పెరుగు తగ్గినట్లు కాదు గదా. ఆ మోసము జరుగకుండుటకే, ఆమ్లజని నూటికి 15 పాళ్లున్నపుడు ఎంత యుండునో ఆ లెక్కకు త్రిప్పి చెప్పవలెనని నిబంధనలో నున్నది. గొట్టములోని గాలిలో ఆమ్లజని 17 పాళ్లున్నచో పత్రములోని 90 నిజమునకు 136 అగును. 15 మాత్రమే యున్నచో 90 తొంబదే. ఆ గడి నింపనిదే 90 అను అంకెకు అర్థము లేదు.

అబ్బాయి మరల వ్రాసెను. ఈమారు గడి నింపిన పత్రము వచ్చినది. ఆమ్లజని 16 పాళ్లు. లెక్క వేయగా 108 అయినది. హద్దుకంటె ఎనిమిది పాళ్లు ఎక్కువ. ఆ పత్రమును ముందుంచి అపార్టుమెంటు ఆడవారు పదునాలుగురు సంతకములు చేసి అడుగగా, మంట భాగములు మార్పించెదమని యజమానులు ఉత్తరమిచ్చిరట. మార్పించిన పిమ్మటి కొలత ఇంకను రావలసియున్నది. పిల్లవానిని గొట్టము వైపు గదినుండి ఇవతలి గదికి మార్చిరి. ఆయాసము కొంత తగ్గినదట. అయితే దోమలచుట్ట వెలిగించుట గూడ అప్పుడే మానిరి. వైద్యుడు మందును మార్చెను. కనుక ఏది ఎంత పని చేసినదో నేను చెప్పజాలను. చెప్పగలనని ఎవరైనను అన్నచో నమ్మవలదు.

గొట్టమునుండి వచ్చునది ఒక యెత్తు. గ్యాసు విద్యుత్కేంద్రమునకు చేరులోపల దారిలో కారిపోవునది మరియొక యెత్తు. మండని మీథేను, ఇరువది సంవత్సరముల లెక్కలో, బొగ్గుపులుసు వాయువుకంటె ఎనుబది రెట్లకు పైగా వేడిని పట్టి యుంచును. తీసిన వాయువులో నూటికి మూడు పాళ్లు కారిపోయినచో, బొగ్గుకంటె గ్యాసు మేలను మాట తొలి సంవత్సరములలో నిలువదని శాస్త్రజ్ఞుల లెక్క. ఇక నిప్పంటుకొన్నచో చెప్పవలసినదేమున్నది? 1995 జనవరిలో పాశర్లపూడి బావి భగ్గుమని మండి, అరువది యైదు దినములు ఆరలేదు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున కోనసీమలోని నగరము గ్రామమున గెయిల్ సంస్థవారి గొట్టము పగిలి, కారిన వాయువు అంటుకొని, ఇరువది మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ గొట్టము కొండపల్లి విద్యుత్కేంద్రమునకు వాయువును మోయుచుండెడిది. ఎక్కడనో వెలుగు దీపమునకు ఎవరి వాకిటనో గొట్టము పరుతురు. విజయవాడ దగ్గరి కేంద్రపు కరెంటు లెక్కలో నగరము గ్రామమును గూడ చేర్చుకొనవలెను.

ఈ సందర్భమున గృహిణులకు పనికివచ్చు మాట యొకటి. సహజవాయువు గాలికంటె తేలిక. కారినచో పైకి పోయి కప్పు క్రింద చేరును. మన బుడ్డి గ్యాసు గాలికంటె బరువు. కారినచో నేలమీద నీరువలె పాకి మూలలలో నిలుచును. గొట్టపు గ్యాసు వచ్చు ఇండ్లలో పైన రంధ్రముండవలెను, బుడ్డి గ్యాసు వాడు ఇండ్లలో గుమ్మము క్రిందుగా గాలి పోవు మార్గముండవలెను. ఈ రెండు వాయువులకును స్వతహాగా వాసన లేదు. మనకు తెలియుటకై కుళ్లిన వాసన గల మందును కలిపి యిత్తురు. ఆ వాసన తగిలినపుడు విద్యుద్దీపపు మీట సైతము నొక్కక, ముందు తలుపులు తెరువవలెను.

ఒక ప్రక్కమాట. 2009లో కృష్ణా గోదావరుల ముఖద్వారమున సముద్రగర్భమునుండి వాయువు వచ్చుట మొదలైనపుడు, అది తరుగని నిధి యని తలచి మన సీమలో విద్యుత్కేంద్రములు పోటీపడి కట్టిరి. కొలది యేండ్లకే వాయువు సన్నగిల్లి, 2013 నాటికి కేంద్రములకు అందుట మానెను. కోట్ల ధనము పోసి కట్టిన చక్రములు కదలక నిలిచినవి. నిలిచిన గొట్టమునుండి పొగ రాదు. అప్పు మాత్రము పెరుగుచునే యుండును. అత్తగారితో ఈ మాట చెప్పగా, "పాడి లేని గేదెకు కుడితి పోసినట్టు," అనిరి.

ఇక మన యింటికి వత్తము. ఊరి ప్రక్క గొట్టమును నిలదీసినవారు వంటింటి పొయ్యిని విడిచిపెట్టుట ధర్మము కాదు. గాలిలో తేలు అతి సన్నని నలుసు దినమంతటి సగటున ఘనపు మీటరునకు 60 మైక్రోగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 చాలునన్నది. కట్టెలు మండు వంటింటిలో అది వందలలో నుండును. నత్రజని ఆక్సైడులను గురించి ఇంత వ్రాసిన నేను, ముప్పది యేండ్లుగా మా అత్తగారిని పట్టియున్న దగ్గును వయోధర్మమని తోసివేసితిని. విజ్జేశ్వరపు గొట్టమెదుట నిలిచినను ఆమెకింత పొగ తగిలెడిది కాదు.

ఆడవారికి గ్యాసు ఇప్పించుటకు ప్రభుత్వములు యత్నింపకపోలేదు. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల, 2024లో ఏడాదికి మూడు బుడ్డీలు ఉచితముగా ఇచ్చు రెండవ దీపము పథకము వచ్చినవి. పొయ్యి ఇంటింటికి వచ్చినది. కాని నీళ్లు కాచుటకు బుడ్డి గ్యాసు తగులబెట్టుటకు ఏ యిల్లాలికి మనసొప్పును? కొండ దగ్గరనున్న ఊళ్లలో పుల్లలేరుకొన్న కట్టె ఉచితము. ఆ లెక్కలో దగ్గు ఖరీదు చేరదు. నేనీ మాట వదినగారి యెదుటనే అత్తగారితో అంటిని. వాదము కాలేదు. ఆమె కొంతసేపు ఊరకుండి, "రొట్టె సంగతి ఎత్తొద్దు. నీళ్లపొయ్యి పెరట్లోకి మార్చుకుంటాను," అనిరి. మరునాడే రాళ్లు మోయించి జామచెట్టు క్రింద పొయ్యి వేయించిరి. వంటింటి గోడకు పై భాగమున ఒక గవాక్షము కొట్టించుటకు మేస్త్రీని పిలిచితిమి. దాలి యెక్కడిదక్కడనే యున్నది.

వదినగారు ప్రయాణమగు దినమున నేనీ లెక్కలన్నియు కాగితముమీద వ్రాసి చదివి వినిపించితిని. కిలో వేసినచో ఐదు కిలోలు వచ్చునను మాటకు వదినగారు నమ్మలేక నవ్విరి. అత్తగారు మాత్రము నవ్వలేదు. ఆమె పుట్టిల్లు పిడుగురాళ్ల వైపు.

"మా చిన్నప్పుడు బట్టీలో సున్నపురాయి కాల్చేవారు. బండెడు రాయి పోస్తే కాలినాక తూకం సగానికి కాస్త ఎక్కువ వచ్చేది. రాయి తరగలేదు, విరగలేదు, ఆకారం ఆకారంగానే ఉండేది. మిగతా బరువు ఎవరు ఎత్తుకుపోయారని మా నాన్ననడిగితే, నిప్పు తిన్నదే అనేవాడు. మీ గ్యాసు లెక్కలో బరువు పెరుగుతోంది, మా సున్నం లెక్కలో తగ్గుతోంది. ఇదేం లెక్క?" అని యడిగిరి.

నూరు కిలోల సున్నపురాతినుండి నలుబది నాలుగు కిలోల బొగ్గుపులుసు వాయువు పోవునని మాత్రము ఆమెకు చెప్పితిని. పిడుగురాళ్ల బట్టీల సంగతి వచ్చు నెల వ్రాసెదను.